తిరపతమ్మ చేలో ఎత్తుచెప్పులు

పద్దెనిమిదొందల యాభై రూపాయలు. బాజీ జేబులో అంతకుమించి రూపాయి లేదంట, అంతకు తక్కువా లేదంట. బాజీ ఎవరంటే, మా ఊళ్ళో సైకిళ్ళకి పంచర్లేసే మస్తానయ్య లేడూ, ఆయన చిన్నకొడుకు. ఇరవై రెండేళ్ళుంటాయి అనుకో. ఒకడి కింద పనిచెయ్యడు, అట్టాగని ఖాళీగానూ కూచోడు. ఒక ఏడాది ఫోను తొడుగులు అమ్మాడు, ఇంకో ఏడాది దోమల బ్యాట్లు అమ్మాడు. లెక్క మాత్రం మిషను కంటే ముందు నోటితో చెబుతాడు. అట్టాంటోడు ఒకరోజు పేటకి పోయి, మూసేస్తున్న ఒక చెప్పుల కొట్టు ముందు నిలబడ్డాడంట. కొట్టాయన ఆడోళ్ళ ఎత్తుచెప్పులు, మూడంగుళాల సన్నమడమవి, గోతాంలో కుక్కి గుమ్మం పక్కన పడేశాడంట. ఆ రకం పాతబడిపోయింది, ఎవరూ అడగటంలేదు, జత యాభైకి ఇస్తా తీసుకుపో అన్నాడంట. మావాడు రెప్ప కొట్టకుండా, ముప్పై ఏడు జతలియ్యండి అన్నాడు. ఆయన బిత్తరపోయి, ముప్పై ఏడే ఎందుకయ్యా, నలభై తీసుకోరాదూ అంటే, నా దగ్గరున్నదాన్ని యాభైతో భాగిస్తే ముప్పై ఏడే వచ్చిందండీ అన్నాడంట. చూశారా, తిరుగు బస్సుకి కూడా ఉంచుకోలేదు. గోతాం నెత్తినెట్టుకుని ఎనిమిది మైళ్ళు నడిచొచ్చాడు.

ఎనిమిది మైళ్ళంటే ఆలోచించుకోవటానికి బోలెడంత దూరం. మూడో మైలు దగ్గర వాడికి తోచిందంట, మనూళ్ళో ఆడోళ్ళందరూ రబ్బరు చెప్పులోళ్ళు గదా, ఇవి ఎవరు కొంటారు అని. గోతాం దించి, కల్వర్టు మీద కూచుని ఫోను తీశాడు. అందులో ఏమైందంటే, ఎవరో ఒకావిడ నున్నటి గచ్చు మీద టకటక నడుస్తా చెబుతోందంట, ఎత్తుచెప్పులు వేసుకుంటే పిక్కలు గట్టిపడతాయి, పొట్ట లోపలికి పోద్ది, నడుం నిటారుగా నిలబడుద్ది, ఒక్కో అడుగూ ఒక్కో కసరత్తు అని. ఆవిడ ఎవరో, ఏం చదివిందో మనకి తెలియదు. బాజీకీ తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు లెండి. మనూరి ఆడది రోజుకి ఆరువేల అడుగులేస్తది, అంటే ఆరువేల కసరత్తులు, పదిహేను రోజులకి తొంభైవేలు, తొంభైవేల కసరత్తులు చేస్తే రాయి కూడా గట్టిపడుద్ది గదా అనుకున్నాడంట. రాయి ముందే గట్టిగా ఉంటదన్న సంగతి వాడికి తట్టలా.

తెల్లారి గోతాం మోసుకుని తిరపతమ్మ ముఠా దగ్గరికి పోయాడు. తిరపతమ్మంటే మీకు తెలుసుగా, ఇరవై రెండు మంది ఆడోళ్ళ ముఠాకి మేస్త్రి. కలుపైనా, కోతైనా, గింజ పెట్టటమైనా రైతు ఆమెతో మాట్లాడాల్సిందే. ఆ ముఠాకి ఒక కట్టు ఉంది, వరస. ముందు ఎవరు చెబితే ముందు వాళ్ళ చేను, తర్వాత చెప్పినోళ్ళది తర్వాత. అందరివీ అయినాకే ముఠాలోవాళ్ళ సొంత చేను. మధ్యలో పని మానేసిన మనిషి మళ్ళీ కొత్త వరస మొదలయిందాకా చేరకూడదు. పన్నెండేళ్ళ కింద ఆమే పెట్టింది, అప్పట్నుంచీ ఆమే కాపలా కాసింది. ఆ ఏడు ఏమైందంటే, ముప్పై ఏళ్ళు ఊరందరి చేలల్లో వంగిన ఆ తిరపతమ్మ మొట్టమొదటిసారి తనకని రెండెకరాలు కౌలుకి తీసుకుంది. మొక్కజొన్న వేద్దామని విత్తనం తెచ్చి అటక మీద పెట్టి, రోజూ నిచ్చెనేసుకుని ఎక్కి చూసుకుంటోందంట, అది యాడికో పోతదన్నట్టు.

ముఠా పత్తికట్టె పీకి, గట్టు మీద అన్నాలకి కూచున్నారు. బాజీ ఒక జత తీసి చేతిలో ఎత్తి పట్టుకుని, అత్తలారా, వదినలారా, ఇయ్యి వేసుకుంటే పిక్కలు గట్టిపడతాయి అన్నాడంట. అంతే, ఇరవై రెండు మందీ ఒక్కసారి నవ్వారు. అంకమ్మని ఒకామె ఉంది, వరసకి వాడికి వదినయ్యిద్ది, నోరు బాగా ఆడుద్ది. ఆమె చీర కుచ్చెళ్ళు జానెడు పైకి లాగి, మరిదీ, ఇదిగో నా పిక్క, దీని మీద కొబ్బరికాయ కొట్టు, పిక్క పగిలితే నీ చెప్పులు కొంటా అన్నదంట. ఇంకొకామె, పిక్కల సంగతి తర్వాత, ముందు నీ కాళ్ళు చూసుకో, కొంగ కాళ్ళు అన్నదంట. నవ్వకండి, మీరు అక్కడ లేరు గాబట్టి నవ్వుతున్నారు, వాడి మొహం చూస్తే జాలి పడేవాళ్ళు. కానీ బాజీ తగ్గలా. పిక్కలే కాదు, నడుం కూడా, నొప్పి పోయి నిటారుగా నిలబడుద్ది అన్నాడు. నడుం అనేసరికి నవ్వు ఆగిపోయిందంట. గట్టు మీద కూచున్న ప్రతి మనిషి చెయ్యీ వెనక్కి పోయి తన నడుం మీద పడిందంట. తిరపతమ్మ ముద్ద కింద పెట్టి, నడుమన్నావు, అది చెప్పు అల్లుడా, వాన పడితే నేను రెండు చేలు వంగాలి, ఊరోళ్ళదీ నాదీ అన్నది.

డబ్బులిప్పుడు వద్దత్తా, పదిహేను రోజులు చూడండి, తొంభైవేల కసరత్తులు, పనిచేస్తేనే ఇయ్యండి అన్నాడు వాడు. పనిచెయ్యకపోతే అన్నదామె. పనిచెయ్యకపోతే మీ ముఠా ఏం చెబితే అది చేస్తా అన్నాడంట. ఆ మాట అనకుండా ఉండాల్సింది, సరే. ఇక కొలతలు. టైలరు దగ్గర టేపు అడిగి తెచ్చాడు గానీ, ఆడోళ్ళ పిక్కలు వాడెట్టా కొలుస్తాడు? అటు తిరిగి పుస్తకం పట్టుకుని కూచున్నాడు. అంకమ్మ ఒక్కొక్కరికీ టేపు చుట్టి గట్టిగా అరిచేదంట, పదమూడు! పదమూడుంబావు! పధ్నాలుగు! వాడు రాసుకుంటా, పధ్నాలుగా వదినా, నా మెడ కంటే లావుందే అంటే, నీ మెడ నా చేతికిస్తే అది కూడా కొలుస్తా అన్నదంట. అట్టా ఇరవై రెండు కొలతలు రాసుకుని, ఇరవై రెండు జతలు పంచి, మిగిలిన పదిహేను గోతాంలో వేసుకుని ఇంటికి పోయాడు. ఆ మిగిలినవాటిలో తొమ్మిదో నంబరు జత ఒకటుంది, ఊళ్ళో ఏ ఆడమనిషి కాలికీ పట్టనంత పెద్దది.

పదిహేను రోజులైంది. మళ్ళీ అదే గట్టు, అదే టేపు, అదే అంకమ్మ. కాకపోతే ఈసారి అంకమ్మ కూచున్నచోటి నుంచి లేవకుండా కొలుస్తోందంట. ఇరవై ఒక్క మందికి దారమంత తేడా లేదు. బాజీకి చెమటలు పట్టినై. లెక్క తప్పదు, చెప్పులు చూపించండి అన్నాడు. అందరూ అన్నం గంపల్లోంచి చెప్పులు తీశారంట. తీస్తే ఏముంది, తళతళలాడుతున్నయ్యి. అడుగున అంటించిన ధర కాయితం కూడా చెరగలా. ఏంది పిన్నీ, నువ్వు వేసుకోలేదా అన్నాడు ఒకామెని. ఆమె వాణ్ణి ఎగాదిగా చూసి, కొత్త చెప్పులు మట్టిలో వేసుకుంటారంట్రా ఎవరైనా, అరిగిపోవూ, రోజూ గంపలో పెట్టుకుని వచ్చి గంపలో పెట్టుకుని పోతన్నా, ఒక్కరోజు కూడా మర్చిపోలేదు అన్నదంట. పక్కనామె, నేనైతే గుడ్డలో చుట్టి తెస్తన్నా అన్నది. మరి నడుం నొప్పి తగ్గలేదని నన్నంటారేంది అని వాడు, మోసినందుకు ఇంకాస్త ఎక్కువైంది అని వాళ్ళు. మన ఊరు గాబట్టి మనకి ఇందులో వింతేం లేదు. మా అమ్మ నేను కొనిచ్చిన చెప్పులు ఇప్పటికీ సంచిలో పెట్టుకునే ఆస్పత్రికి పోద్ది.

వేసుకున్న మనిషి ఒకతే, అంకమ్మ. మాటంటే మాటే గదా అని రెండో రోజే వేసుకుని, నీళ్ళ బోదె దాటబోయి మడమ మెలికపడి కూలబడింది. మర్నాడు పనికి పోలేకపోయింది. ఒక్కరోజు మానినా కట్టు కట్టే, వరసలోంచి పోయింది. పదమూడు రోజులుగా కూలి లేదు, కాలు కాస్త బాగయినాక కూడా రానియ్యలేదు. ఆ సంగతి బాజీకి అప్పుడే తెలిసిందంట. నవ్వుతా ఉన్న అంకమ్మే, నీ తొంభైవేల కసరత్తుల్లో నాకు పన్నెండే పడినై మరిదీ, పదమూడోది బోదెలో పడింది అన్నది. అప్పుడు తిరపతమ్మ లేచి నిలబడి తీర్పు చెప్పింది. ఏమనంటే, ఆడోళ్ళకి మంచిదని చెప్పినోడు తను వేసుకుని చూసి చెప్పాల్సింది. ఇప్పుడు చూడు. పదిహేను రోజులు. పొద్దున ముఠా బయల్దేరింది మొదలు సాయంత్రం ఇల్లు చేరిందాకా నీ కాళ్ళకి అవే ఉండాలి. గంపలో పెట్టుకోవటం లేదు అన్నది.

తొమ్మిదో నంబరు జత వాడి కాలికి అతికినట్టు సరిపోయిందంట, ఏం చేస్తాం. మొదటిరోజు మస్తానయ్య కొడుకుని కిందనుంచి పైదాకా చూసి, మూడంగుళాలు పెరిగావుగా, ఆ పై అరలో ట్యూబుల డబ్బా అందుకో అన్నాడంట. వీధిలో పోతుంటే కిటికీలు తెరుచుకున్నయ్యి. వాడు గోడలు పట్టుకుని, కరెంటు స్తంభాలు పట్టుకుని, జానెడు జానెడు అడుగులేస్తా పోయాడు. అసలు ఆ చెప్పుల్లో జానెడు మించి అడుగు పడదు, కావాలంటే వేసుకుని చూడండి.

మూడో రోజు సాయంత్రం వాన దంచింది. ఇక ఊరంతా విత్తనాల పరుగే. నల్లరేగడి, పదును, అదే గింజ మొలిచే తడి, మూడు రోజులే ఉంటది, నాలుగో రోజుకి పైన బిగుసుకుపోద్ది. వేసిన గింజ లోపలే ఉండిపోద్ది. అప్పటికే ముఠా వరసలో ఐదుగురు రైతులున్నారు, చివరి ఇద్దరికీ బోరు నీళ్ళున్నయ్యి. తిరపతమ్మ చేను ఆరో రోజు. గింజ వేసే ట్రాక్టరు గొర్రుకి చెబుదామంటే దాని ముందు నలభై మంది ఉన్నారు, రెండెకరాలకి ఎవడొస్తాడు? ముఠాలో ఆడోళ్ళే అన్నారంట, ఒక్కరోజు నీ చేను ముందు పెట్టుకుందాం అక్కా, ఎవరేమంటారు అని. ఆమె తల ఊపలా. అంకమ్మని ఒక్కరోజుకి తీసేసినదాన్ని, నా చేను కోసం వరస ఎట్టా తిప్పుతాను, రేపు ఆమె మొహం ఎట్టా చూస్తాను అన్నదంట. అని, తెల్లవారుతూనే ముఠాకంటే ముందు ఒక్కతే తన చేలోకి పోయి, మట్టి గుప్పిట్లోకి తీసుకుని పిసికి చూస్తా నిలబడింది. మట్టి చక్కగా ముద్దవుతోంది. అదే ఆమె బాధ. ముద్దవకపోతే ఏ బాధా లేదు.

సరిగ్గా అప్పుడే మన బాజీ శిక్ష తగ్గించమని అడుగుదామని వచ్చాడు. గట్టు చుట్టూ తిరిగితే దూరం, అడ్డంగా పోతే నూట ఇరవై గజాలు, కాబట్టి అడ్డంగా దిగాడు. తిరపతమ్మ దూరం నుంచే, ఒరేయ్ ఒరేయ్, పదును నేల తొక్కుతావేందిరా, నీ కాళ్ళు ఇరగా అని కేకేసుకుంటా ఎదురొచ్చింది. వచ్చి, తొక్కినచోటు చూసి తిడదామని కిందికి చూసింది. చూసి ఆగిపోయిందంట. వాడి వెనకాల నేలలో చిల్లులు. ఒకదాని వెనక ఒకటి, దారం పట్టి పెట్టినట్టు. ఆమె కూచుని జాన పెట్టి కొలిచింది. ఒక జాన. ఇంకోటి, జాన. ఇంకోటి, జాన. వేలు పెట్టి లోతు చూసింది. అత్తా, ఆ శిక్ష సంగతి అని వాడు మొదలుపెడితే, నోర్ముయ్, వెనక్కి తిరిగి నడువు అన్నదంట. వాడు నడిచాడు. మళ్ళీ చిల్లులు. మొక్కజొన్నకి సాలుకి సాలుకి రెండడుగులు, మొక్కకి మొక్కకి జానెడు. మూడు తరాల నుంచి ఆడోళ్ళు నడుం వంచి పుల్లతో పొడిచేది ఇదే గదా! ఒక్కటే వంక, లోతు. మూడంగుళాల్లో వేస్తే మొలక పైకి రాలేదు, రెండు చాలు అన్నదామె.

బాజీకి ఒక్క క్షణం పట్టిందంట. ఆ తర్వాత వాడి నోరు ఆగలా. అత్తా, జానెడూ రెండడుగులూ అంటే గింజకి అడుగున్నర నేల, ఎకరానికి ఇరవై తొమ్మిదివేల నలభై చిల్లులు, నిమిషానికి అరవై అడుగులేస్తే గంటకి మూడువేల ఆరొందలు, ఎనిమిది గంటల్లో ఇరవై ఎనిమిదివేల ఎనిమిదొందలు, రోజుకొక ఎకరం, రెండు రోజులు, పదునుకి ఇంకో రోజు మిగిలిపోద్ది అన్నాడంట. నేనూ వేసి చూశాను ఆ లెక్క, సరిపోయింది, రెండొందల నలభై చిల్లులు తక్కువ పడతయ్యి అంతే. తిరపతమ్మకి లెక్క సగమే ఎక్కింది గానీ, రెండు రోజులు అన్న మాట మొత్తం ఎక్కింది. ముఠాలో మనిషివి కావు గాబట్టి నువ్వు నడిస్తే వరస తప్పదు అన్నది. గింజ వేసేవాళ్ళో అంటే, అంకమ్మ కూడా ఇప్పుడు ముఠాలో లేదుగా అన్నదంట. అని, తన చేనుకి తనే వీపు తిప్పి, మొదటి రైతు చేలోకి ముఠాని తోలుకుపోయింది. ఎంత మనసుంటే అట్టా పోతారో చూడండి.

బాజీ మస్తానయ్య దగ్గర రంపపు బ్లేడు తెచ్చి మడమలు అంగుళం కోశాడు. చేనుకి ఈ చివర ఒక మేకు, ఆ చివర ఒక మేకు, మధ్యలో తాడు. అంకమ్మ నడుమెత్తు ప్లాస్టిక్ గొట్టం ముక్క ఒకటి పట్టుకొచ్చింది. వాడు తాడు పక్కన నడుస్తా చిల్లు పెడతాడు, ఆమె వెనకాల వస్తా గొట్టం చిల్లులో ఆనించి గింజ జారవిడిచి, కాలి బొటనవేలితో మట్టి తోస్తది. నడుం వంచే పనే లేదు. ఇక ఆమె నోటికి రెండు రోజులు పండగే. మరిదీ, వంకర పోతన్నావు, తాగొచ్చావా? మరిదీ, తల ఎత్తు, ఆ ఫోనులో ఆవిడ ఇట్టాగే నడిచిందా? మరిదీ, ఇది పదకొండువేల మూడోదా, నాలుగోదా? నాలుగోది వదినా అని వాడు రొప్పుతా చెప్పేవాడంట. మొదటిరోజు పొద్దుగూకేసరికి వాడి పిక్కలు బండరాళ్ళయినై. గట్టు మీద పడిపోయి, టేపు తెచ్చి కొలువు వదినా అన్నాడు. పొద్దున పదకొండున్నర ఉన్నది పన్నెండుంబావు అయిందంట. చూశావా, ముప్పావు అంగుళం పెరిగింది, నేను చెప్పలా అని ఆ నొప్పిలో కూడా గంతేయబోయాడు. ఆమె, రేప్పొద్దున మళ్ళీ కొలుద్దాం ఉండు అన్నది. పొద్దున కొలిస్తే పదకొండున్నరే. రాత్రంతా వాళ్ళమ్మ వేడినీళ్ళు కాపడం పెట్టిందిలే.

రెండో రోజు సాయంత్రానికి రెండెకరాలూ అయినై. ఒకచోట తేనెటీగ కుట్టబోతే వాడు పక్కకి ఉరికాడు, అక్కడ సాలు చిన్న మెలిక తిరిగింది, అంతే. ముఠా మాత్రం ఐదు చేలు వంగి వంగి పెట్టుకుంటా, ఆరో రోజు తిరపతమ్మ చేను దగ్గరికొచ్చి, గట్టు మీద వరసగా నిలబడి చూశారు. నేల పైన బిగుసుకుపోయింది. కిందనేమో గింజ అప్పటికే ఉబ్బి ఉంది. ఇరవై ఒక్క చేతులు ఇరవై ఒక్క నడుముల మీద ఉన్నయ్యి, అంకమ్మ ఒక్కతే తాటిచెట్టులాగా నిటారుగా నిలబడి ఉంది. ఒకామె ఆమె వంక చూసి, నీకు నడుం లాగట్లేదా ఏందే అని అడిగింది. నేను వంగితేగా అన్నదంట అంకమ్మ. మర్నాటికి మొలకలొచ్చినై. పచ్చగా, సన్నగా, తాడు లాగినట్టు. మెలిక దగ్గర మెలికతో సహా. తిరపతమ్మ చేలో మోకాళ్ళ మీద కూచుని ఒక మొలకని ముట్టుకోబోయి, మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకుందంట. ఆమె కళ్ళనీళ్ళు చూసిన బాజీ ఏం చెయ్యాలో తెలియక ఒక సాలులో మొలకలు లెక్కపెట్టుకుంటా పోయాడు.

ఆ రాత్రే ఇంకో వాన. తెల్లారితే బాజీ శిక్షలో పదకొండో రోజు, ఆ పొద్దున కొత్త వరస మొదలు. అంకమ్మ ముఠాలోకొచ్చింది. రైతులొచ్చి నిలబడ్డారు, మా చేనంటే మా చేను అని. తిరపతమ్మ ఒకటే చెప్పిందంట. మొక్కజొన్న అయితే ఇక మేం పుల్లతో పొడవం. చిల్లులు రైతే పెట్టాలి, ఎత్తుచెప్పులు వేసుకుని. మేం గొట్టంతో గింజ వేస్తాం అన్నది. రైతుల్లో పెద్దాయన వెంకటప్పయ్యగారు మీసం దువ్వుకుంటా, నన్ను ఆడోళ్ళ చెప్పులు వేసుకోమంటావా, రేపు గాజులు కూడా వేసుకోమంటావు అన్నాడంట. గాజులొద్దు బాబయ్యా, వాటితో చిల్లులు పడవు అన్నదంట ఆమె. ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు, పైన మబ్బు విడిపోతోంది, కింద పదును పోతోంది. గొంతు తగ్గించి, నాకు పదో నంబరు పట్టుద్దేమో, దొరుకుద్దా అని అడిగాడంట బాజీని. నవ్వండి, ఇప్పుడు నవ్వండి. తొమ్మిది మంది రైతులు వరసగా కాళ్ళు చాపి కూచుంటే, అంకమ్మ టేపు చుట్టి అరుస్తా ఉంది, బాజీ రాసుకుంటా ఉన్నాడు.

ఆ ఫోనులో ఆవిడ చెప్పింది నిజమో అబద్ధమో నేను చెప్పలేను. మా ఊరిమటుకు తేలిందేంటంటే, ఎత్తుచెప్పులు ఆడోళ్ళ నడుముకి చాలా మంచివి, మగోళ్ళు వేసుకుంటే. ఇక బాజీ సంగతంటారా, రైతులే ముందు డబ్బులిచ్చి, పేటకి పోయి పెద్ద నంబర్లు ఎన్నుంటే అన్నీ పట్టుకురా, ఇయ్యాళే అన్నారంట. పేట బస్సొచ్చి ఆగింది. శిక్ష ఇంకా నాలుగు రోజులుంది, కాళ్ళకి అవే చెప్పులు. బస్సు మెట్టు చూస్తే మోకాలెత్తు. కండక్టరు, ఎక్కుతావా, ఎక్కవా, ఏందయ్యా ఆ వేషం అని అరుస్తున్నాడు. రోడ్డు పక్కన ముఠా అంతా ఆగి చూస్తోంది. వాడు ఖాళీ గోతాం చంకలో పెట్టుకుని, చువ్వ గట్టిగా పట్టుకుని, మెట్టు పద్దెనిమిదంగుళాలు, నా మడమ రెండంగుళాలు, ఇంకా పదహారు అని గొణుక్కుంటా, కుడికాలు ఎత్తాడంట.